అద్దె ఇంట్లో గోడలు చెమ్మగిల్లుతుంటే: ఓనర్ పట్టించుకోనప్పుడు ఏం చేయాలి

సీలింగ్‌కి చెమ్మ దిగుతోందని ఓనర్‌కి ఫోన్ చేస్తే "చూద్దాం లెండి" అంటారు. నెల తర్వాత మళ్లీ చేస్తే "వానలు తగ్గనివ్వండి, ఎండ రాగానే చేయిస్తా" అంటారు. ఈలోపు పెయింట్ పొట్టు లేస్తుంది, బీరువా వెనక నల్లటి బూజు పడుతుంది, మంచం పక్క గోడకి ఆనించిన పుస్తకాలు తడిసి ఉబ్బుతాయి. చివరికి ఇల్లు ఖాళీ చేసే రోజున "గోడలన్నీ పాడుచేశారు" అంటూ మీ అడ్వాన్స్‌లోనే కోత పెడతారు.

చాలాసార్లు కోర్టు గడప తొక్కకుండానే ఈ వరస మార్చవచ్చు. అందుకు మొదటి రోజు నుంచీ ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. రిపేర్ల విషయంలో చట్టం మీకిచ్చే హక్కులు దాదాపు అన్నీ, ఓనర్‌కి మీరు తెలియజేసిన తేదీ నుంచే మొదలవుతాయి. ఆ తేదీని రేపు రుజువు చేయగలగాలి. ఏడాది పాటు ఫోన్లో మొత్తుకున్న మనిషి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. ఒక్క ఉత్తరం రాసి రసీదు దాచుకున్న మనిషి దగ్గర అన్నీ ఉంటాయి. కింద చెప్పేదంతా భారతదేశంలోని చట్టాల ప్రకారం. విదేశాల్లో అద్దెకుంటున్న వాళ్లకు పనికొచ్చే రెండు మాటలు ఆఖరి భాగానికి ముందు ఉన్నాయి.

ముందు ప్రమాదం ఉందేమో చూడండి

ఉత్తరాలు, చట్టాల కంటే ముందు ఇది. తడి గోడలో స్విచ్ బోర్డు ఉందా? ఫ్యాన్ పెట్టె చుట్టూ చెమ్మ ఉందా? లైట్ పాయింట్‌లోంచి నీటి చుక్కలు పడుతున్నాయా? వీటిలో ఏది ఉన్నా ఆ గదికి వెళ్లే ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటుని ఆపే స్విచ్) కిందికి దించేయండి. తడి చేతులతోనో, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడో దాన్ని ముట్టుకోవద్దు. మెయిన్ బోర్డే తడిసి ఉంటే దాని దగ్గరికి వెళ్లకండి, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

రెండోది స్లాబు. సీలింగ్‌లో ఇనుప చువ్వ పోయిన దారి వెంట తుప్పు రంగు గీత కనిపించినా, కర్రతో మెల్లగా తడితే బోలుగా డబడబమన్నా, పెచ్చు ఊడే దశకి వచ్చినట్టే. నీరు చువ్వకి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటుని తోసి విరగ్గొడుతుంది. ఆ చోటు కింద మంచం, ఉయ్యాల, పిల్లలు చదువుకునే బల్ల ఉంటే ఈ రోజే జరపండి. ఓనర్ ఒప్పుకునేదాకా ఆగాల్సిన పని కాదు.

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే బూజుని తేలిగ్గా తీసుకోవద్దు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు శ్వాస ఇబ్బందులు, ఆస్తమా ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇంట్లో చెమ్మ సంగతి చెప్పి, ఆ మాట చీటీలో రాయమని అడగండి. వైద్యానికీ పనికొస్తుంది, తర్వాత మీ ఫైల్లోకీ పనికొస్తుంది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీరే తేల్చుకోండి

ఓనర్లు ఎక్కువగా అనే మాట "మీరు సరిగ్గా వాడుకోవట్లేదు" అని. దానికి జవాబు మీ దగ్గర ముందే ఉండాలి. పైగా రిపేరు ఎవరి బాధ్యత అన్నది చాలావరకు నీటి మూలం మీదే ఆధారపడి ఉంటుంది. మేస్త్రి రాకముందే చాలా సంగతులు మీకే తెలిసిపోతాయి.

వాన పడ్డప్పుడే తడిసి, ఎండాకాలంలో పూర్తిగా ఆరిపోతుంటే అది టెర్రస్ నుంచో, సన్‌షేడ్ నుంచో, బయటి గోడ పగుళ్ల నుంచో వస్తోంది. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకే చోట తడి ఉంటే పైపు మీద అనుమానపడాలి. మీ ఇంటికి విడిగా మీటరు ఉంటే కుళాయిలన్నీ కట్టేసి అరగంట చూడండి. ఎవరూ వాడకుండానే అంకె కదిలితే గోడలో పైపు కారుతున్నట్టే.

పై వాళ్ల బాత్రూమ్ అని అనుమానం ఉంటే వాళ్లని మంచిగా అడిగి చూడండి. రెండు మూడు రోజులు ఆ బాత్రూమ్ వాడకుండా ఇంకోటి వాడుకోగలరా అని. ఆ రోజుల్లో చుక్కలు ఆగిపోతే సగం తేలిపోయింది. ఇంకా కచ్చితంగా కావాలంటే ప్లంబర్ చేత రంగు పరీక్ష చేయించవచ్చు. పై బాత్రూమ్‌లో నేల మీది జాలీని మూసి, రంగు కలిపిన నీళ్లు కాసేపు నిలబెడతారు. మీ సీలింగ్‌లో అదే రంగు చుక్క కనిపించిందంటే ఇక వాదనే ఉండదు. రంగునీళ్లు పోయడం దగ్గర్నుంచి కింద చుక్క పడేదాకా ఒకే వీడియోలో ఆపకుండా తీసుకోండి.

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఇంకో రకం ఉంది. గోడ కింద నుంచి మోకాలి ఎత్తు దాకానో, నడుము ఎత్తు దాకానో చెమ్మ ఎక్కి, పైన తెల్లటి ఉప్పు పొడి పేరుకుంటుంది. చేత్తో రుద్దితే రాలుతుంది. ఇది పునాదిలోంచి పైకి పాకే నేల చెమ్మ. ఎన్నిసార్లు పుట్టీ పెట్టి పెయింట్ వేసినా మళ్లీ పొట్టు లేస్తుంది. పునాది మీద చెమ్మ ఆపే పొర లేకపోవడమో, ఉన్నది పాడైపోవడమో దీనికి మామూలు కారణం. కట్టడంలోని లోపం కాబట్టి అద్దెకున్న వాళ్లకి ఇందులో ఏ పాత్రా లేదు.

మిగిలింది గదిలోని ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరు కావడం. కిటికీలు మూసి ఉండే గదుల్లో, బీరువా వెనక, గాలి ఆడని మూలల్లో వస్తుంది. దీన్ని వేరు చేయడానికి తేలికైన పరీక్ష ఉంది. మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని జానెడు వెడల్పున కత్తిరించి, గోడకి పెట్టి నాలుగు అంచులా టేపు అంటించండి. ఒకటి రెండు రోజులయ్యాక చూడండి. గోడవైపు నీటి బొట్లు ఉంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. మీవైపు బొట్లు ఉంటే గది గాలిలోని ఆవిరే కారణం. ఈ రెండో దాంట్లో మీ వాడకానికీ కొంత బాధ్యత ఉండొచ్చు. తడి బట్టలు గదిలో ఆరేయడం, స్నానం తర్వాత తలుపు తీసి ఉంచడం లాంటివి మార్చుకోండి. అయితే బాత్రూమ్‌కి వెంటిలేటరో ఎగ్జాస్ట్ ఫ్యానో అసలు లేకపోతే, ఆ మాటని కూడా ఉత్తరంలో రాయండి.

రుజువులు పోగు చేయండి

ప్రతి మచ్చకీ రెండు ఫొటోలు తీయండి: దూరం నుంచి గది తెలిసేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గర్నుంచి ఒకటి. మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీసి తేదీ వేయండి. వారం తర్వాత మచ్చ ఆ గీత దాటితే అదే ఫొటో తీయండి. "అది పాత మచ్చ, ఎప్పుడో ఆగిపోయింది" అనే మాటకి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

పాడైన సామాన్లకి ఫొటోలు, బిల్లులు ఉంటే బిల్లులు, లేకపోతే కొన్న సంవత్సరం, అంచనా విలువ ఒక కాగితం మీద రాసుకోండి. పాడైనవి వెంటనే పారేయకండి. ఓనర్‌తో జరిగిన వాట్సాప్ మాటలు డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం వాట్సాప్ మెసేజీలు, ఫొటోల లాంటివి కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు, అసలు ఫోన్ మీ దగ్గరే ఉంటే ఆ పని సులువు. ఫోన్లో మాట్లాడితే, పెట్టేయగానే ఒక మెసేజ్ పంపండి: "సార్, ఇప్పుడు మాట్లాడుకున్నట్టు ఆదివారం ప్లంబర్‌ని పంపుతానన్నారు, ధన్యవాదాలు." ఆయన జవాబివ్వకపోయినా ఫరవాలేదు. కాదని అనలేదు కదా.

అగ్రిమెంట్ తీసి నిజంగా చదవండి

సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని తెరిచినవాళ్లు తక్కువ. ఇప్పుడు తెరవండి. రిపేర్లు ఎవరివి, "మైనర్", "మేజర్" అని విడదీశారా, నోటీసు గడువు ఎంత, ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్ సంగతేంటి, పెయింటింగ్ ఖర్చు ఎవరిది అన్న నాలుగైదు చోట్ల గీత గీసుకోండి.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. దేశంలో చాలావరకు వర్తించే పాత చట్టం ఆస్తి బదిలీ చట్టం, 1882. దాని సెక్షన్ 108లో ఒక మంచి నిబంధన ఉంది. ఓనర్ చేయాల్సిన రిపేర్లు, నోటీసు ఇచ్చాక సహేతుకమైన సమయంలో చేయకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించి ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు, లేదా ఓనర్ నుంచి వసూలు చేసుకోవచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ "ఓనర్ చేయాల్సిన" అనే ముక్క మీదే అంతా నిలబడి ఉంది. ఏ రిపేర్లు ఓనర్‌వో ఆ సెక్షన్ జాబితా ఇవ్వదు. ఆ బాధ్యత మీ అగ్రిమెంట్‌లోంచో, స్థానిక వాడుకలోంచో, మీ రాష్ట్రపు అద్దె చట్టంలోంచో రావాలి. అందుకే అగ్రిమెంట్‌లో "స్లాబు, గోడలు, ప్లంబింగ్ పైపుల రిపేర్లు యజమానివే" అన్న ఒక్క లైను ఉంటే మీ కేసు బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొత్త ఇంట్లోకి వెళ్తున్నవాళ్లు, 11 నెలలకోసారి అగ్రిమెంట్ రెన్యూ చేసుకునేవాళ్లు ఆ లైను రాయించుకోకుండా సంతకం పెట్టకండి.

అదే సెక్షన్ 108 అద్దెకున్న వాళ్ల మీదా బాధ్యత పెడుతుంది. ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే ఉంచాలి, కాకపోతే మామూలు అరుగుదల మీ నెత్తిన పడదు. ఇంటికి ఏదైనా దెబ్బ తగిలిందని తెలిస్తే ఓనర్‌కి వెంటనే చెప్పడం మీకే మంచిది. చూసీ చెప్పకుండా ఊరుకుంటే రేపు ఆ నష్టం పెరగడానికి మీరే కారణమని అనగలరు.

మీ రాష్ట్రంలో ఏ చట్టం వర్తిస్తుంది

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. నిర్మాణానికి సంబంధించిన రిపేర్లు, గోడలకి సున్నం, తలుపులు కిటికీలకి పెయింట్, అవసరమైనప్పుడు పైపుల మార్పిడి, కరెంటు వైరింగ్ ఓనర్‌వి. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, వాష్ బేసిన్, గీజర్, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాల లాంటివి అద్దెకున్న వాళ్లవి. ఓనర్ తన వంతు చేయకపోతే మీరే చేయించి తర్వాతి నెలల అద్దెలో మినహాయించుకోవచ్చు, అయితే ఏ నెలలోనూ సగం అద్దె కంటే ఎక్కువ కోయకూడదు. రిపేరు లేకుండా ఇల్లు నివాసయోగ్యం కాకపోతే, రాతపూర్వకంగా అడిగినా ఓనర్ నిరాకరిస్తే, 15 రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయవచ్చు, లేదా ఆ చట్టం కింద అద్దె తగాదాలు చూసే అధికారుల దగ్గరికి వెళ్లవచ్చు. నివాసపు ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలల అద్దెకి మించకూడదనీ ఉంది.

కానీ పేరులోనే ఉంది, అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నప్పుడే కోర్టులో పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాలకి కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో పాత 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టమే ఉంది. దానికో పెద్ద పరిమితి ఉంది: మున్సిపల్ కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లకి అది వర్తించదు. అంటే ఇవాళ్టి అద్దెల్లో చాలావరకు దాని బయటే. అక్కడ ఆధారం మీ అగ్రిమెంట్, 1882 చట్టం, సివిల్ కోర్టు. అలాగని నమూనా చట్టం తెలంగాణలో పూర్తిగా వృథా అనుకోను. బాధ్యతల పంపకం ఎలా ఉండాలో కేంద్రమే రాసిన జాబితా అది. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు, కొత్త అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు దాన్నే ముందు పెట్టండి.

ఉత్తరం రాయండి

కోపంగా రాయకండి. రేపు దీన్ని చదివేది ఓనర్ ఒక్కరే కాదు, మధ్యవర్తి, లాయరు, జడ్జి కూడా కావచ్చు. పొడవు అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు:

"శ్రీ ___ గారికి,

నమస్కారం. మీ ఇంటి రెండో అంతస్తు పోర్షన్‌లో ___ తేదీ నుంచి నేను అద్దెకు ఉంటున్నాను. ___ తేదీన ఉత్తరం వైపు పడకగది సీలింగ్‌లో చెమ్మ గమనించి అదే రోజు మీకు ఫోన్‌లో తెలియజేశాను. ఇప్పుడు అది సుమారు నాలుగడుగుల పొడవున విస్తరించి, ఫ్యాన్ పాయింట్ దాకా వచ్చింది. ఒకచోట పెచ్చు ఊడింది. ఫొటోలు జతచేశాను. ప్లంబర్ చూసి పై బాత్రూమ్ నుంచి లీకేజీ అని చెప్పారు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా లీకేజీ మూలాన్ని సరిచేయించి, సీలింగ్ రిపేరు చేయించవలసిందిగా కోరుతున్నాను. పనివాళ్లు రావడానికి ఒక రోజు ముందు చెబితే ఇంట్లో అందుబాటులో ఉంటాను. అద్దె యథావిధిగా చెల్లిస్తున్నాను. గడువులోగా పని మొదలుకాకపోతే చట్టప్రకారం నాకున్న మార్గాలు వాడుకోవలసి వస్తుందని సవినయంగా తెలియజేస్తున్నాను."

కింద తేదీ, సంతకం, జతచేసిన ఫొటోల సంఖ్య. ఈ ఉత్తరంలో మూడు సంగతులు గట్టిగా ఉన్నాయి: ఎప్పుడు తెలిసింది, ఏం చేయాలి, ఎప్పటిలోగా. పనివాళ్లు వస్తే "ఇంట్లో అందుబాటులో ఉంటాను" అన్న లైను తీసేయకండి. "వాళ్లే రానివ్వలేదు" అనేది ఓనర్లు తరచూ చెప్పే సాకు.

గడువు ఎంత ఇవ్వాలి? చట్టం సహేతుకమైన సమయం అంటుంది, అంకె చెప్పదు. నా లెక్కలో పగిలిన పైపుకి రెండు మూడు రోజులు చాలు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కి 15 రోజుల నుంచి నెల ఇవ్వడం న్యాయం. వానాకాలంలో టెర్రస్ పని శాశ్వతంగా కుదరదన్నది నిజమే. అప్పుడు ముందు తాత్కాలికంగా కప్పించండి, వానలు వెళ్లిన ఇన్ని రోజుల్లో పూర్తి పని చేయించండి అని రెండు గడువులు రాయండి. ఇలా రాసినవాళ్లని మొండివాళ్లని ఎవరూ అనలేరు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో పీడీఎఫ్, ఈమెయిల్, పోస్టు మూడూ వాడండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్‌లో రిజిస్ట్రేషన్ సదుపాయంతో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపమని అడగండి. అగ్రిమెంట్‌లో ఉన్న చిరునామానే రాయండి. సరైన చిరునామాకి పంపిన ఉత్తరాన్ని ఓనర్ తీసుకోనన్నా, కోర్టులు సాధారణంగా అది అందినట్టే భావిస్తాయి. తిరిగొచ్చిన కవరుని చింపకుండా అలాగే దాచండి.

అద్దె మాత్రం ఆపకండి

ఈ గైడ్‌లో ఒక్క సలహా మాత్రమే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. కోపంలో అద్దె కట్టడం మానేసిన రోజున మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి బకాయిదారు స్థానంలోకి వెళ్లిపోతారు. అద్దె ఎగ్గొట్టడం అన్నది ఖాళీ చేయించడానికి ఓనర్‌కి దొరికే అత్యంత బలమైన కారణం. అప్పటిదాకా మీ చేతిలో ఉన్న కేసు ఆయన చేతికి వెళ్తుంది.

బ్యాంకు ద్వారానే కట్టండి, రిమార్క్స్‌లో నెల పేరు రాయండి. కావాలనే అద్దె తీసుకోకుండా తిప్పలు పెట్టే ఓనర్లూ ఉన్నారు, రేపు బకాయి చూపించడానికి. అలా జరిగితే వాళ్ల ఖాతాలోకి నేరుగా వేయండి. ఖాతా వివరాలు లేకపోతే, ఎలా కట్టాలో చెప్పమని రాతపూర్వకంగా అడగండి. తెలంగాణ 1960 చట్టం కిందికి వచ్చే ఇళ్లకైతే మనియార్డరు ద్వారా పంపడం, అదీ తీసుకోకపోతే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయడం దాకా పద్ధతి రాసి ఉంది.

గడువు దాటినా కదలకపోతే

మొదట రెండో ఉత్తరం, ఈసారి వీలైతే లాయరు నోటీసుగా. చాలా వ్యవహారాలు ఇక్కడే తెగుతాయి. లాయరు ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, టోల్ ఫ్రీ నంబరు 15100. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు ఉచిత న్యాయ సాయానికి అర్హులు. మహిళలకి ఆదాయంతో పని లేదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. కేసు వేయకముందే రెండు పక్షాల్నీ పిలిచి రాజీ కుదిర్చే ఏర్పాటు కూడా అక్కడ ఉంటుంది. అద్దె తగాదాలకి కోర్టు కంటే ఇదే మేలని నా అభిప్రాయం. రాజీ లోక్ అదాలత్ అవార్డుగా (అంటే తీర్పుగా) నమోదైతే దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది.

మీరే రిపేరు చేయించి అద్దెలో మినహాయించుకోవాలనుకుంటే తొందరపడకండి. ఆ బాధ్యత ఓనర్‌దే అని అగ్రిమెంటో చట్టమో చెప్తోందని ముందు ఖరారు చేసుకోండి, వీలైతే లాయరుతో. ఇద్దరు వేర్వేరు ప్లంబర్ల చేత రాతలో ఎస్టిమేట్ తీసుకుని ఓనర్‌కి పంపండి: "ఫలానా తేదీలోగా మీరు చేయించకపోతే ఈ మొత్తంతో నేను చేయిస్తాను, దాన్ని ఇన్ని నెలల అద్దెలో ఇంతింత చొప్పున మినహాయిస్తాను" అని. పనికి ముందు, మధ్యలో గోడ పగలగొట్టినప్పుడు, పూర్తయ్యాక ఫొటోలు తీయండి. మధ్యలో తీసిన ఫొటోయే విలువైనది. తుప్పు పట్టిన పైపు, పగిలిన జాయింటు మళ్లీ ప్లాస్టరింగ్ పడ్డాక ఎవరికీ కనిపించవు. తీసేసిన పైపు ముక్కని కూడా దాచండి. మిగతా అద్దె అదే రోజు బ్యాంకులో వేసి, లెక్క మెసేజ్‌లో పంపండి. స్లాబు, పిల్లర్లు, పై వాళ్ల బాత్రూమ్ లాంటి వాటి జోలికి మాత్రం ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా పోవద్దు.

అపార్ట్‌మెంట్ అయితే ఒక చిక్కు ఉంది. లీకేజీ పై ఫ్లాట్‌ది, మీ ఓనర్ చేతిలో లేదు. అయినా మీ ఒప్పందం మీ ఓనర్‌తోనే, పై ఫ్లాట్ యజమానిని ఒప్పించాల్సింది ఆయనే. మీ ఉత్తరం కాపీ అసోసియేషన్ సెక్రటరీకి కూడా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. ఉమ్మడి డౌన్‌పైపులు, టెర్రస్ మామూలుగా అసోసియేషన్ చూసుకోవాల్సినవి.

బిల్డింగ్ కొత్తదైతే ఓనర్‌కి ఒక మంచి కబురు చెప్పండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం, 2016లోని సెక్షన్ 14 ప్రకారం ఫ్లాట్ అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపాలో, పనితనం లోపాలో బయటపడితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అడిగే హక్కు ఫ్లాట్ కొన్న ఓనర్‌ది, మీది కాదు. కానీ ఖర్చు తన జేబులోంచి పోదని తెలిస్తే అప్పటిదాకా ఫోన్ ఎత్తని మనిషి కూడా కదులుతారు. మీ ఫొటోలన్నీ ఆయనకివ్వండి, బిల్డర్ మీద ఫిర్యాదుకి అవే ఆధారం.

మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసే ముందు ఆలోచించండి. కూలిపోయే స్థితిలో ఉన్న భవనాల మీద నోటీసులిచ్చే అధికారం వాళ్లకుంది, ప్రాణాపాయం ఉంటే తప్పకుండా వెళ్లాలి. అయితే భవనం ప్రమాదకరమని తేలితే మొదట ఖాళీ చేయమనేది అందులో ఉంటున్న మిమ్మల్నే. వేరే ఇల్లు చూసుకునే ఏర్పాటు మనసులో పెట్టుకునే వెళ్లండి.

ఓనర్ కక్ష కడితే

రిపేరు అడిగినందుకు నీళ్లు ఆపడం, కరెంటు తీయడం, తాళం మార్చడం లాంటివి చేస్తే భయపడి సర్దుకోకండి. అద్దె చట్టాలు నిత్యావసర సౌకర్యాలు ఆపడాన్ని నిషేధిస్తాయి. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బలవంతంగా బయటికి పంపితే, నిర్దిష్ట ఉపశమన చట్టం, 1963లోని సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లెవరిదన్న ప్రశ్న రాదు, మిమ్మల్ని చట్టవిరుద్ధంగా గెంటేశారా లేదా అన్నదే చూస్తారు. అలాంటి సంఘటన జరిగిన వెంటనే వీడియో తీసి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదిచ్చి రసీదు అడగండి.

అయితే ఒక నిజం ముందే తెలుసుకోండి. అద్దె నియంత్రణ చట్టం వర్తించని చోట, నెలవారీ అద్దె మీద ఉన్నవాళ్లకి వేరే ఒప్పందం లేకపోతే ఓనర్ 15 రోజుల నోటీసుతో అద్దె ఒప్పందాన్ని ముగించవచ్చు. ఆ నోటీసు అందగానే పదహారో రోజున సామాను బయట పడేయగలరని కాదు. మీరు ఖాళీ చేయకపోతే ఆయన కోర్టుకి వెళ్లాలి. కానీ ఆ ఇంట్లో ఎంతకాలం పోరాడాలన్నది ఈ లెక్క చూసుకునే నిర్ణయించుకోండి. పసిపిల్లలున్న ఇంట్లో బూజు గోడల మధ్య న్యాయం కోసం ఏళ్లు గడపడం కంటే, ఇల్లు మారి నష్టపరిహారం, అడ్వాన్స్ కోసం బయటి నుంచి పోరాడటం ఎంతో మేలు.

విదేశాల్లో ఉంటే

ఇంగ్లండ్‌లో 1985 నాటి చట్టం సెక్షన్ 11 ప్రకారం ఏడేళ్లకి తక్కువ గడువున్న అద్దెల్లో ఇంటి నిర్మాణం, బయటి భాగం, నీటి పైపులు, పారిశుద్ధ్య ఏర్పాట్లు ఓనర్ బాధ్యతే, ఒప్పందంలో తిరగరాసినా చెల్లదు. రాచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో ఉండి 2020లో చనిపోయిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ పేరు మీద వచ్చిన అవాబ్ చట్టం, 2025 అక్టోబర్ 27 నుంచి అక్కడి సోషల్ హౌసింగ్‌లో (కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో) అమల్లోకి వచ్చింది. అత్యవసర ప్రమాదాల మీద 24 గంటల్లో చర్య తీసుకోవాలి. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల్లో ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే బాధ్యత ఒప్పందంలో రాయకపోయినా ఓనర్ మీద ఉంటుంది. అద్దె ఆపడం, మినహాయించడం గురించిన నియమాలు మాత్రం రాష్ట్రానికొకలా ఉంటాయి కాబట్టి అక్కడి టెనెంట్ సంఘాన్ని అడగకుండా ఆ పని చేయొద్దు.

ఖాళీ చేసేటప్పుడు

ఇక ఈ ఇంట్లో ఉండలేమని నిర్ణయించుకుంటే నోటీసులో కారణం రాయండి: ఫలానా తేదీల్లో రాసిన ఉత్తరాలకి స్పందన లేనందున, ఇల్లు నివాసయోగ్యంగా లేనందున ఖాళీ చేస్తున్నానని. ఉత్తినే "సొంత కారణాల వల్ల" అని రాస్తే అప్పటిదాకా చేసిందంతా నీరుగారిపోతుంది.

తాళాలిచ్చే రోజు పగటి వెలుతురులో గది గదికీ వీడియో తీయండి. సామాను తీసేశాక గోడల వెనక బయటపడే మచ్చలు ముఖ్యం. వీలైతే ఓనర్‌నో ఆయన తరఫు మనిషినో పక్కన ఉంచుకుని తీయండి, మీటరు రీడింగులూ అందులో పడాలి. తాళాలు చేతికిచ్చి "తాళాలు అందాయి" అని ఒక మెసేజ్ పెట్టించుకోండి. అద్దె ఏ రోజుతో ఆగిందన్నది దాన్నిబట్టే తేలుతుంది.

చెమ్మ మచ్చల పేరుతో పెయింటింగ్ ఖర్చు కోస్తానంటే, ఏ గోడకి ఎంత కోశారో బిల్లుతో సహా రాతలో ఇవ్వమనండి. పెన్సిల్ గీతల ఫొటోలు, ఉత్తరం కాపీ, పోస్టు రసీదు పక్కన పెట్టి మీ జవాబు పంపండి. అడ్వాన్స్‌కీ, పాడైన సామాన్ల పరిహారానికీ దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, అప్పటిదాకా ఆ ఫైల్లోంచి ఒక్క కాగితం కూడా తీసేయకండి.